రోకలి చప్పుడు లేని ఇల్లు

మా గురువుగారు అడిగినదానికి సూటిగా జవాబు చెప్పిన పాపాన ఎన్నడూ పోలేదు. ఆ మధ్యాహ్నమూ అంతే. నగరంలోని మిలిటరీ ఆసుపత్రి నుంచి బస్సులో వచ్చి, దుమ్ముకాళ్లతోనే ఆశ్రమం అరుగు మీద చతికిలబడ్డారు. ఆయన అలసట చూసైనా ఊరుకోవాలా? మా చిదంబరం ఊరుకునే రకం కాదు.

"స్వామీ, బాధను పైకి చెప్పకుండా ఓర్చుకునేవాడే కదా ధీరుడు? ఈ మాజీ సైనికులు చెవులు పోయాయనీ మనసు చెదిరిందనీ పెన్షను కోసం మెడికల్ బోర్డుల చుట్టూ తిరగడమేమిటి?" అన్నాడు.

గురువుగారు చెంబెడు నీళ్లు తాగి, ఆ ఉదయం జరిగింది చెప్పారు.

తిరుపాలు ఫిరంగి దళంలో హవల్దారుగా చేసి వచ్చినవాడు. ఎడమచెవి పూర్తిగా పోయింది. కుడిచెవి దగ్గర నోరు పెట్టి అరిస్తేనే వినిపిస్తుంది. అయినా రోట్లో రోకలి పడి నేల అదిరితే చాలు, మంచం కింద దూరతాడు. భార్య ఓబులమ్మ ఇంట్లో దంచడమే మానేసింది. బోర్డువాళ్లు అతని అర్జీ అంతకుముందే తోసిపుచ్చారు. ఈసారీ కాదంటే ఇక పెన్షనూ లేదు, వైద్యమూ లేదు. చెవిటివాడికి తోడు కావాలని గురువుగారిని పరీక్ష గదిలోకి రానిచ్చారు.

డాక్టరును చూడగానే తిరుపాలు మడమలు టక్కున కలిపి, ఛాతీ విరిచి నిలబడ్డాడు. చెవులకు యంత్రం తగిలించి, శబ్దం వినిపిస్తే చెయ్యెత్తమని సైగ చేశారు. డాక్టరు వేలు మీట మీద పడడం చూసి ప్రతిసారీ చెయ్యెత్తాడు మహానుభావుడు! ఏమైనా బాధ ఉందా అని రాసి చూపిస్తే, "సబ్ ఠీక్ హై సాబ్!" అని గోడలు అదిరేలా కేక వేశాడు. పై అధికారి అడిగితే చెప్పాల్సిన జవాబు అదొక్కటేనని దళంలో చేరిననాడే నేర్పారు మరి.

"ఆయనే బాగుందంటుంటే నేనేం చెయ్యను స్వామీ?" అన్నాడు డాక్టరు. గుమ్మం దగ్గర ఓబులమ్మ నెత్తి కొట్టుకుంది.

గురువుగారు తిరుపాలు కుడిచెవి దగ్గరికి వంగారు. "హవల్దార్! నీ ఫిరంగి దగ్గర ఒక జవాను దెబ్బతిన్నాడు. సాబుకు రిపోర్టు ఇయ్యి," అని అరిచారు.

 తిరుపాలు గోడకేసి చూస్తూ, అలాగే నిటారుగా నిలబడి చెప్పాడు: "సాబ్! జవానుకు ఎడంచెవి లేదు. కుడిచెవి ఉన్నా లేనట్టే. నేల అదిరితే దాక్కుంటాడు. నిద్రలో పెళ్లాం గొంతు పట్టుకున్నాడు సాబ్. వాణ్ణి ఇక డ్యూటీ నుంచి దింపెయ్యండి."

కళ్లనీళ్లు గడ్డం మీదికి కారుతున్నా చెయ్యెత్తి తుడుచుకోలేదట. డాక్టరు కలం పక్కన పెట్టి, యంత్రాన్ని అతని వీపు వెనక్కి జరిపించి, పరీక్ష మళ్లీ మొదలుపెట్టాడు.

"అయితే మంజూరైనట్టేనా స్వామీ?" అన్నాడు చిదంబరం. గొంతు తగ్గింది.

"చూస్తామన్నారు. మళ్లీ రమ్మన్నారు." గురువుగారు మోకాళ్లు పట్టుకుని మెల్లగా లేచారు. "ఓర్పు సంగతి అడిగావు కదూ? కారం దంచుకోవడానికి పక్కింటికి పోతుంది చూడు, ఆ ఓబులమ్మను అడుగు."