ముత్యం చెప్పిన తీర్పు

పిల్లి చేత కూడా ఏకాదశి ఉపవాసం చేయించిన ఘనుడు వైద్యుడు చెన్నుభట్టు. దొరగారి పిల్లి ముత్యానికి చేప మాన్పించి, పెరుగన్నంలో తన లేహ్యం కలిపి పెట్టించాడు. నెల తిరక్కుండా అది ఎముకల గూడైంది. నేరం మాత్రం చేపలమ్మే నూకాలు మీద పడింది.

"దీని గంప వాసనకే పిల్లి పథ్యం చెడుతోంది దొరా. ఊళ్లోంచి వెళ్లగొట్టించండి," అన్నాడు భట్టు.

నూకాలుకు ఒళ్లు మండింది. పొద్దస్తమానం తన గంప చుట్టూ తిరిగేవి పిల్లులే. "గంప వీధిలోనే దించి వచ్చాను దొరా. ఇప్పుడు అయ్యగారి మందు పెట్టించండి. సంగతేమిటో పిల్లే చెబుతుంది."

భట్టు స్వయంగా పళ్లెం పెట్టాడు. ముత్యం వాసన చూసి, వెనక్కి తగ్గి, ముందుకాలితో పళ్లెం చుట్టూ నేల గీకసాగింది.

"చూశారా, నా మందుకి మొక్కుతోంది."

"మొక్కడం కాదయ్యా. మా పెరట్లో పిల్లులు పొద్దున్నే పని కానిచ్చుకుని, దానిమీద ఇలాగే మన్ను కప్పుతాయి. మీ మందుని ఇది దేని కింద జమకట్టిందో నేను చెప్పాలా?"

నూకాలు వెళ్లి గంపెత్తుకుంది. ముత్యం ఆమె వెంటపడింది. దొర ఆపమనలేదు. అదే లేహ్యం ఆ పొద్దున తనూ తిని, అమృతమని భట్టుకి శాలువా కప్పాడు మరి.