పదివేల ఏడుగురి పంక్తి

"ఏడుగురు మిగిలారో!"

కోట వీధి ఈ కొస నుంచి ఆ కొస దాకా వినబడింది ఆ కేక. వడ్డనల పెద్ద సింగారమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది.

ఏనాటి మాటో ఇది, వినండర్రా! మణికేతపురాన్ని వీరకేతుడనే రాజు ఏలుతుండగా ఏరు పొంగింది. పదివేల ఏడుగురు మూడు రోజులు మట్టి మోసి, గట్టు తెగకుండా ఊరిని కాపాడారు. రాజు మురిసిపోయి ఒట్టేశాడు.

"అందరికీ విందు! పంక్తులన్నీ సమానంగా ఉండాలి. ఒక్కడు ఎక్కువైనా, తక్కువైనా ఎవరూ ముద్ద ముట్టరాదు. సింగారమ్మా, మూడు విడతలు చూస్తాను. అప్పటికీ కుదరకపోతే నువ్వు పొలిమేర దాటాల్సిందే!"

మొదటి విడత పంక్తికి నూరుగురు. ఏడుగురు మిగిలిపోయారు. ఆ కేక అదే మరి!

రెండో విడత పంక్తికి తొమ్మండుగురు. చివరి పంక్తిలో ఒక విస్తరి ఖాళీ!

"ఒకటి, మూడు సున్నాలు, ఏడు. కూడితే ఎనిమిదే, తొమ్మిదితో పోదు. ముందే చూసుకోవద్దూ!" అని సింగారమ్మ నాలుక కరుచుకుంది.

అన్నం చల్లారుతోంది. ఆకలితో జనం గొణుగుతున్నారు. భటులు బల్లేలు సవరించుకున్నారు.

మంత్రి భద్రేశుడు ఆమె చెవిలో ఊదాడు. "ఎందుకమ్మా అవస్థ? ఆ ఏడుగుర్నీ గోడ అవతలికి తోసెయ్. పదివేలు చక్కగా సరిపోతుంది. ప్రభువులు లెక్కపెట్టబోతారా ఏమిటి!"

ఆమె ఆ ఏడుగురినీ చూసింది. గోళ్లలో గట్టు మట్టి ఇంకా పోలేదు.

"పోతాంలే తల్లీ, మా వల్ల నీకు మాట రాకూడదు" అన్నాడు వాళ్లలో ముసలాయన.

"కదిలావంటే ఊరుకోను తాతా!"

బొగ్గుముక్క తీసి, రెండు మొదలు నూరు దాకా భాగించి చూసింది. దేనితో చూసినా శేషమే. లేచి రాజు దగ్గరికి నడిచింది.

"ప్రభూ, ఇది విరగని సంఖ్య. నూరు లోపు దేనికీ లొంగదు."

"నూరు దాటి చూశావా?"

"అక్కర్లేదు ప్రభూ. పంక్తులూ, పంక్తిలో మనుషులూ రెండూ నూరు దాటితే? నూటొకటి నూటొకట్లే పదివేల రెండు వందల ఒకటి! అంతమంది మనకు లేరు. ఒకే బారుగా వేద్దామంటే కోట చాలదు."

"అయితే ఓడావన్నమాట!" రాజు కళ్లెర్రజేశాడు. భటులు ముందుకు కదిలారు.

సింగారమ్మ తలెత్తి మేడకేసి చూపించింది. "ఇంకో విడత ఉంది ప్రభూ. తమరు మేడ మీద విడిగా కూర్చున్నారు. దిగివచ్చి వాళ్ల సరసన కూర్చోండి. పదివేల ఎనిమిది! పంక్తికి నూట ముప్ఫై తొమ్మిది, సరిగ్గా డెబ్బై రెండు పంక్తులు."

రాజు కిరీటం తీసి పక్కన పెట్టాడు. ఒక్కొక్క మెట్టే దిగాడు. వచ్చి ముసలాయన పక్కన చతికిలబడ్డాడు.

"నేనూ!" అని మంత్రి ఉరికాడు.

"ఆగండయ్యా! తమరు కూర్చుంటే పదివేల తొమ్మిది. అదీ విరగదు. ఇదుగో, పప్పు గిన్నె పట్టండి!"

పంక్తులన్నీ గొల్లున నవ్వాయి. మంత్రి పప్పు వడ్డించాడు. అందరూ ఒక్కసారే ముద్ద కలిపారు.

మిగిలారని ఎవరినీ బయటికి తోయకూడదు. పెద్దవాడు దిగివచ్చి పక్కన కూర్చుంటే ఎవరూ మిగలరు.