ఆరూ పది బస్సులో ఖాళీ సీటు

రాజలింగానికి ఒక సంతకం కావాలి. అది పెట్టాల్సిన ముర్తుజా సాబ్ పెట్టడం లేదు.

ముర్తుజా సాబ్ ఒక బస్సుల సంస్థలో ఇరవై రెండేళ్లు కండక్టరు. ఆ తర్వాత టికెట్ల తనిఖీలో పదేళ్లు. రిటైరైనా సంస్థ ఆయన్ని వదల్లేదు. కంప్యూటర్ల గదిలో ఒక కుర్చీ వేసి, సలహాదారు అని పేరు పెట్టి కూర్చోబెట్టింది. రాజలింగం ఆయన్ని ఉస్తాద్ అంటాడు. టికెట్లను ఎలా చదవాలో ఆయన దగ్గరే నేర్చుకున్నాడు. మిగతాదంతా వీడియోలు చూసి సొంతంగా నేర్చుకున్నాడు. అందుకే తనకు ఏది తెలియదో తెలుసుకునే అవకాశం అతనికి రాలేదు.

టికెట్ మిషన్లు రోజూ పంపే సమాచారం దాచడానికి అతను మూడు పొరలుగా ఒక ఏర్పాటు చేశాడు. కంచు పొరలో వచ్చింది వచ్చినట్టు పడి ఉంటుంది. వెండి పొరలో శుభ్రం చేసింది ఉంటుంది. బంగారు పొరలో పెద్దసార్లు టీ తాగుతూ చూసే రిపోర్టులు ఉంటాయి. దీన్ని డేటా లేక్‌హౌస్ అంటారు. వాళ్లమ్మ అడిగినప్పుడు మాత్రం అదంతా చెప్పలేక, "బస్సుల పని" అన్నాడు. కొడుకు డ్రైవరయ్యాడని ఆవిడ వాడంతా చెప్పుకుంది.

ఇప్పుడు బంగారు పొర ఒక మాట చెబుతోంది. తొమ్మిది సర్వీసులు ఖాళీగా తిరుగుతున్నాయి. సోమవారం నుంచి వాటిని ఆపెయ్యవచ్చు. శుక్రవారం పదింటికి మీటింగు. జాబితా ముందే మేనేజరుకు వెళ్లిపోయింది. అందులో మొదటిది, పొద్దున ఆరూ పదికి టౌన్ బస్టాండు నుంచి ఫ్యాక్టరీల వైపు వెళ్లే బస్సు.

సంతకం కావాల్సింది ఇంకో కాగితం మీద. కంచు పొరను చెరిపెయ్యడానికి.

"అది చెత్త ఉస్తాద్," అన్నాడు గురువారం మధ్యాహ్నం. "రెండుసార్లు వచ్చినవి, తేదీ లేనివి, మిషన్ పనిచేస్తోందా అని పొద్దున్నే కొట్టి చూసిన టికెట్లు. అన్నీ ఏరేశాకే వెండికి పంపాను. ఇంకా అది ఉండి స్టోరేజీ తినడం తప్ప ఏం లాభం?"

"ఏరిందెవరు?"

"నేనే. నియమాలు రాసిపెట్టాను. రెండేళ్లుగా అవే ఏరుతున్నాయి."

"ఏరి పారేసింది ఎప్పుడైనా చూశావా?"

"చెత్తలో చూసేదేముంది?"

ముర్తుజా సాబ్ రిపోర్టు దగ్గరికి లాక్కున్నారు. మొదటి వరుస మీద వేలు పెట్టారు.

"ఈ బస్సులో పద్నాలుగు మందేనా?"

"సగటున. యాభై సీట్ల బస్సు ఉస్తాద్ అది."

"అయితే రేపు అందులో పోదాం. కాగితం తెచ్చుకో. ఒక ఖాళీ సీటు చూడు, కూర్చుని సంతకం పెడతాను. నిలబడి రాయడం నా మోకాళ్ల వల్ల కాదు."

రాజలింగం నవ్వుకుంటూ తన కుర్చీకి వచ్చాడు. వచ్చి ఉస్తాద్‌కు చెప్పని పని ఒకటి చేశాడు. పొద్దున ఏడింటికి కంచు పొర దానంతటదే చెరిగిపోయేట్టు పెట్టాడు. సంతకం ఎలాగూ వస్తుంది, ఆలోగా పని కూడా అయిపోతుంది. చెరిగితే మళ్లీ రాదు, నిజంగానేనా అని తెర మీద ఎర్రటి అక్షరాలు రెండుసార్లు అడిగాయి. రెండుసార్లూ అవునన్నాడు.

మర్నాడు బస్సు ఇంకా ఆగకముందే కిటికీల్లోంచి కర్చీఫులు, చున్నీలు, టిఫిన్ సంచులు లోపలికి ఎగిరిపడ్డాయి. రాజలింగం ఎక్కేసరికి సీట్లలో మనుషులు లేరు గానీ, ప్రతి సీటు మీదా ఏదో ఒక గుడ్డ ఉంది.

"ఇక్కడుంది ఉస్తాద్," అన్నాడు.

"తమ్మీ, కర్చీఫ్ కనబడ్తలేదా? మనిషున్నది," అంది వెనకనుంచి ఒకామె.

"ఏదమ్మా మనిషి?"

"ఎక్కుతున్నది."

ఎక్కారు. మందుల ఫ్యాక్టరీ నీలం కోట్లవాళ్లు, దారం మిల్లువాళ్లు, ఆకుకూరల మూటలవాళ్లు. తర్వాతి స్టేజీలో కొందరైనా దిగుతారనుకున్నాడు. ఇరవైమంది ఎక్కారు. ఎవరిదో టిఫిన్ క్యారియర్ అతని పక్కటెముకల్లో స్థిరపడింది.

ముర్తుజా సాబ్ ఒక చేత్తో పైన కడ్డీ పట్టుకున్నారు. రెండో చేతిలో మూత తీసిన పెన్ను.

"సీటు దొరికిందా?"

"ఇవాళ శుక్రవారం కదా ఉస్తాద్. రద్దీ ఉంటుంది."

ఆయన ఇంకో స్టేజీ దాటాక మళ్లీ అదే గొంతుతో, "సీటు?" అన్నారు.

కండక్టరు సులోచన నడవడానికి దారిలేక మధ్యలోనే నిలబడిపోయింది. "కార్డులు చూపియ్యిన్రి" అంటూ అక్కడినుంచే టికెట్లు కొట్టి ఇస్తోంది. ఒక్కో టికెట్టూ చేతులు మారుతూ కిటికీ పక్కవాళ్ల దాకా వెళుతోంది. రాజలింగం చెయ్యి కూడా ఆ దారిలోనే ఉంది. ఒకటి అందించాడు. రెండు. మూడు. ఏడోది అందించబోతూ చూశాడు. స్టేజీ పేరు, టైము, కింద ధర. సున్నా.

చెయ్యి అక్కడే ఆగింది.

"ఇయ్యవేంది తమ్మీ?"

ఇచ్చాడు. ఎనిమిదోది చూశాడు. సున్నా. తొమ్మిదోది. సున్నా.

ధర సున్నా అయితే అది మిషన్ పరీక్ష టికెట్టు, తీసెయ్యి. ఈ నియమం రాసింది అతనే. రాసిన రోజున అది నిజం. ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం ఆ తర్వాత వచ్చింది. ఆ సున్నా టికెట్ల వ్యవహారం వేరే సెక్షన్ చూసుకుంటుంది. అతను ఆఫీసుకు బండి మీద వస్తాడు. నియమం మాత్రం ఒక్కరోజు సెలవు పెట్టకుండా ఏరుతూనే ఉంది.

టైము ఆరూ నలభై ఎనిమిది.

"ఉస్తాద్," అన్నాడు. "కంచు పొర ఏడింటికి చెరిగిపోతుంది. నిన్ననే పెట్టేశాను."

ముర్తుజా సాబ్ అతని వంక చూశారు. పెన్నుకు మూత పెట్టారు. ఏమైనా తిడితే బాగుండుననిపించింది రాజలింగానికి.

లాప్‌టాప్ వీపు మీది బ్యాగులో ఉంది. బ్యాగు ఇద్దరి మధ్య ఇరుక్కుంది. చెయ్యి వెనక్కి పోవడం లేదు.

"కొంచెం జరగండమ్మా."

"ఎటు జరగమంటవ్ బిడ్డా? డ్రైవర్ ఒళ్లె కూసోమంటవా?"

చుట్టూ నవ్వారు.

"అర్జెంటమ్మా. లేకపోతే సోమవారం నుంచి ఈ బస్సు ఉండదు."

నవ్వు ఆగిపోయింది. మందుల ఫ్యాక్టరీ కోటు వేసుకున్న పెద్దావిడ కిటికీ పక్కనుంచి తలెత్తింది.

"ఎవలన్నరు?"

అబద్ధం ఆడడానికి కూడా చోటు లేదు అందులో.

"నేనే."

"ఎందుకు?"

"ఇందులో ఎవరూ ఎక్కడం లేదని."

ఆవిడ ఒక్క క్షణం అతన్ని ఎగాదిగా చూసింది. "మల్ల ఆ మాట తప్పని రాసేది గూడ నువ్వేనా?"

తల ఊపాడు.

ఆవిడ లేచింది. "కూసో."

బ్యాగు తలల మీదుగా వచ్చింది. అతను కూర్చున్నాడు. ఆరూ యాభై మూడు. ఫోన్‌లో సిగ్నల్ ఒక్క గీత. పాస్‌వర్డ్ తప్పు కొట్టాడు. మళ్లీ తప్పు కొట్టాడు. మూడోసారి తెరుచుకుంది. తెర మధ్యలో చక్రం తిరుగుతోంది.

"ఏమైంది?" వెనకనుంచి ఎవరో.

"తిరుగుతున్నదట," ముందునుంచి ఎవరో.

"వాగు దాటితే సిగ్నలొస్తది," సులోచన డ్రైవరుకు వినబడేట్టు అంది. "స్టేజీల మనుషులు లేకుంటే ఆపకు."

ఆరూ యాభై ఎనిమిదికి వాగు దాటారు. చక్రం ఆగింది. చెరిపే పనిని రద్దు చెయ్యాలా అని ఎర్రటి అక్షరాలు అడిగాయి. నొక్కాడు. చక్రం మళ్లీ మొదలైంది. వంగి చూస్తున్న ఒకామె ఊపిరి అతని చెవికి తగులుతోంది.

ఏడు కావడానికి కొన్ని సెకన్ల ముందు, రద్దయింది అని వచ్చింది.

ఏడయింది. కంచు పొర ఉంది. అతను ఆ ఒక్క నియమం పక్కన పెట్టి, కంచు నుంచి ఈ సర్వీసును మళ్లీ లెక్కించాడు. పద్నాలుగు పోయి ఎనభై ఎనిమిది వచ్చింది. మేనేజరుకు మూడు ముక్కలు రాశాడు. జాబితా తప్పు. తప్పు నాది. ఏ సర్వీసూ ఆపొద్దు, పదింటికి వచ్చి చెబుతాను.

లాప్‌టాప్ మూసి లేచాడు.

"కూసో బిడ్డా. ఇంక నాలుగు స్టేజీలున్నయ్," అంది పెద్దావిడ.

"వద్దమ్మా. మీరు కూర్చోండి."

ఆవిడ కూర్చుంది. అతను జనంలో పడి, ముర్తుజా సాబ్ పక్కకు కొట్టుకొచ్చి కడ్డీ పట్టుకున్నాడు. సంతకం మాట ఇద్దరూ ఎత్తలేదు. రెండు స్టేజీలు దాటాక ఉండబట్టలేక అడిగాడు.

"మీకు ముందే తెలుసు కదా ఉస్తాద్. ఆఫీసులోనే ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది."

"తెలిస్తే ఆఫీసులోనే చెప్పేవాణ్ణి," అన్నారు ముర్తుజా సాబ్. "తెలియకనే బస్సెక్కాను."