రామలింగాచారి చుక్కల నోము

నాకు చాలా ఏండ్లుగా ఒక సందేహము కలదు. తొంబదేండ్ల మా మేనత్తకు శుక్లములు కమ్మినపుడు, పండుటాకునకు కన్నెందుకని పెద్దలనిరి. ఆమె మమ్ము చూడకయే పోయెను. ఆ మాట న్యాయమేనా? అక్షతలు చేతబట్టి వినుడు. ఇదే సందేహమును పూర్వము వేణుదత్తుడు సుచక్షు మహామునిని అడుగగా, ఆయన కలియుగమున జరుగబోవు కథను జరిగినట్లే చెప్పెను.

పెన్నా తీరమున రామలింగాచారి యను కంసాలి యుండెను. పొరుగింటి సుందరమ్మ తెగిన నల్లపూసలు తెచ్చి, "బాబాయ్, నా పెళ్లికి మీరే చుట్టారు. మా ఆయన మంచం పట్టాడు. ఆయనుండగానే మెడలో వేసుకోవాలి" అనెను. ఆచారి రేపనెను. చూపు మసకబారి, ఆ రేపు ఏండ్లు గడిచినను రాలేదు. పూసలు డబ్బాలోనే ఉండిపోయెను, సుందరమ్మ పసుపుతాటితోనే ఉండిపోయెను.

తొంబదవ యేట ఎడమకంటికి శస్త్రచికిత్స జరిగెను. నెల దినములు నాలుగుపూటలు చుక్కలు వేయుమనియు, కన్ను నలుపవలదనియు, పొగకు దూరముండుమనియు వైద్యుడు చెప్పెను. తొలి శుక్రవారమే ఆచారి కుంపటి ముందు కూర్చుండెను.

"మామయ్యా, ఊదొద్దన్నారుగా" అని కోడలు కామాక్షి వారించెను.

"శుక్రవారం కుంపటి వెలిగించడం పని కాదే, పూజ. ఆ డాక్టరు కత్తికి ఏనాడైనా బొట్టు పెట్టాడా?"

ఊదగా బూడిద లేచెను. ఉత్తరీయముతో కన్ను నలిపెను, చుక్కలు మరచెను. మూడవనాటికి కన్ను చీముపట్టెను. వైద్యుడు కన్నును నిలిపెను గాని చూపును నిలుపలేకపోయెను.

రెండేండ్లకు శుక్లము కుడికన్నును కమ్మెను. ఇంటివారు ఈ వయసున వలదనిరి.

"ఉన్నదొక్కటే. పోయినా చీకటే, ఊరుకున్నా చీకటే" అని ఆచారి పూసల డబ్బా ఒడిలో పెట్టుకొనెను.

వైద్యుడు గుండెను, చక్కెరను, కంటి వెనుక పొరను పరీక్షించి, వయసు అడ్డు కాదనియు, చూపు ఎంత వచ్చునో మాటయీయలేననియు చెప్పెను. శస్త్రచికిత్స జరిగెను. ఈసారి ఆచారి చుక్కలనే నోముగా పట్టెను. చుక్క పడినప్పుడెల్ల సూర్యనారాయణుని తలచెను. శుక్రవారమైనను కుంపటి వెలిగింపలేదు.

"కుంపటికి కోపమొస్తుందేమోనే."

"రానీండి. దానికి నేను సమాధానం చెప్పుకుంటా" అనెను కామాక్షి.

ఆచారికి చూపు వచ్చెనని విని వేణుదత్తుడు, అది నోమువలన వచ్చెనా, కత్తివలన వచ్చెనా యని అడిగెను. కత్తి పొరను తీయును, నియమము కన్నును కాచునని ముని చెప్పెను. అందరికి ఒకే చూపు రాదు. కొందరికి అక్షరము కానరాక గడప మాత్రమే కానవచ్చును. గడప కానవచ్చినచో పడకుందురు గదా.

కావున తొంబది దాటినవారును, వారికి చుక్కలు వేయు కొడుకులు కోడండ్రును ఈ నోము పట్టవలెను. పట్టినవారు మెట్టు తెలిసి దిగుదురు, బియ్యమున రాళ్లు తామే ఏరుదురు, ముఖము చూచి పేరుపెట్టి పిలుతురు.

నియమము తీరి వైద్యుడు సరేయనిన నాడు ఆచారి పూసలను బంగారు తీగకు ఒక్కొక్కటిగా గ్రుచ్చి, సుందరమ్మ ఇంటికి తానే నడచిపోయెను.

"ఇంత తల నెరిసిందేంటమ్మా నీకు?"

"పదకొండేళ్లు రేపన్నది మీరే గదా బాబాయ్" అని ఆమె నవ్వుచు భర్త మంచముకడకు పోయి, తలవంచి నిలిచెను. ఆయన నల్లపూసలు ఆమె మెడలో వేసెను. ఆచారి గుమ్మమున నిలిచి చూచెను.