శనివారపు అన్నం

"గురువుగారూ, నా ఊపిరి ఆడతానే ఉంది, గుండె నిబ్బరంగానే ఉంది. మరి ముప్పయ్యో కిలోమీటరు రాగానే ఈ కాళ్ళు నన్నెందుకు ఒగ్గేస్తన్నాయి?"

అడిగింది పైడితల్లి. నలభై రెండు కిలోమీటర్ల పరుగులో ముప్పై దాకా ఆమెను పట్టుకోగల మనిషి జిల్లాలో లేడు, ఇక ముందు పుట్టబోడు. అయినా మూడుసార్లు బరిలో దిగి మూడుసార్లూ ముప్పై దగ్గరే కుప్పకూలింది. ఇంకో మూడు వారాల్లో రాష్ట్ర జట్టుకు ఎంపిక. అదీ పోతే పరుగు కట్టిపెట్టి జీడిపప్పు ఫ్యాక్టరీలో పనికి పోవాలని ఇంట్లో తేల్చేశారు.

సన్యాసయ్య మాస్టారికి అడిగినదానికి బదులు చెప్పే అలవాటు లేదు. డెబ్భై ఏళ్ళ మనిషి. వయసులో ఆయన పరిగెడితే భీమిలి సముద్రపు గాలి వెనకబడి రొప్పేది. అబద్ధమనేవాళ్ళు ఒక్కసారి ఆయన పిక్కలు చూసి మాట్లాడాలి.

"రేపు ఆదివారం. నాతో పందేనికి వస్తావేటి?" అన్నారాయన.

పైడితల్లి పకపకా నవ్వింది. "కర్రుచ్చుకుని రండి గురువుగారూ, నడిచి గెలుస్తాను."

ఆవేళ ఆమెకు ఉపవాసం. తల్లి జబ్బు తగ్గితే శనివారాలు వెంకన్నకు ఉపవాసముంటానని మొక్కుకుంది. తల్లి లేచి తిరుగుతోంది, కూతురు మాట తప్పలేదు. పోటీలు మాత్రం అన్నీ ఆదివారాలే. ఆమె గ్లాసుడు పాలతో రోజు నెట్టుకొస్తుంటే, మాస్టారు ఎదురుగా పీట వేసుకుని మధ్యాహ్నం ఒక కొండ, సాయంత్రం ఇంకో కొండ అన్నం లాగించారు. వడ్డించిన చెయ్యి నొప్పెట్టింది గానీ ఆయన చెయ్యి ఆగలేదు.

తెల్లారి ఆమె ఆరు అరటిపళ్ళు తిని బాణంలా దూసుకుపోయింది. మాస్టారు కనుచూపు మేరలో లేరు. ఇరవై దాకా అది పరుగు కాదు, ఊరేగింపు. ఇరవై ఎనిమిదిలో పిక్కలు బరువెక్కాయి. ముప్పైలో తొడలు మాట వినలేదు. పళ్ళు బిగించింది, తొడలు చరుచుకుంది, తనను తానే తిట్టుకుంది. ఊపిరి సాఫీగానే ఉంది, కండల్లోనే ఏమీ మిగల్లేదు. అప్పుడు వెనకనుంచి టపటపా అడుగులు. మాస్టారు ఈల వేసుకుంటూ ఆమెను దాటిపోయారు.

పైడితల్లి కూర్చోలేదు. ఎక్కమన్న ఆటోవాణ్ణి కసిరింది. మిగతా పన్నెండు కిలోమీటర్లూ ఈడ్చుకుంటూ నడిచి, మాస్టారి గుమ్మంలో నిలబడి, "రేపు మళ్ళీ పందెం" అంది.

ఆయన ఆమె బూట్లు విప్పించి అటకెక్కించారు. అన్నం కంచం ముందు పెట్టారు. "మంగళవారం దాకా ఇవి దిగవు. ఖాళీ అయిన కండ ఒక్క పూటకి నిండదే. పొద్దున నువ్వు తిన్న పళ్ళు నీ కడుపులోనే ఉన్నాయి. నిన్న నేను తిన్న అన్నం నా కాళ్ళలో ఉంది. తిను."

ఆమెకు అర్థమైంది. అర్థమయ్యాకే కోపం ముంచుకొచ్చింది. కంచం నెట్టేసింది.

"అంటే మొక్కు మానమంటారా? మా అమ్మను లేపిన సామికి ఎగనామం పెట్టమంటారా? మానను! మూడుసార్లు కాదు, మూడొందలసార్లు ఓడిపోయినా మానను!"

మాస్టారు కంచం మళ్ళీ ఆమె ముందుకు జరిపారు.

"మానమని ఎవరన్నారే? ఆ సామికి ఏడు రోజులూ ఉన్నాయి. నీ కాళ్ళకి శనివారం ఒక్కటే ఉంది."