దివాన్ గారి ఇత్తడి చక్రం

రాజావారి సైకిలుకి బ్రేకుల్లేవు. చక్రం తిరిగినంతసేపూ పెడళ్ళూ తిరుగుతాయి. ఆగాలంటే వాటినే కాళ్ళతో బిగబట్టాలి. ఆ భారమంతా వెనక పళ్ళచక్రం మీదే. అది అరిగిపోతే దివాన్ గారు బావమరిది కొట్లోంచి తళతళలాడే ఇత్తడిది తెప్పించారు.

సైకిళ్ళు బాగుచేసే మస్తాను దానికి ఆకురాయి ఆనించగానే జలజలా పొడి రాలింది. "ఇది మెత్తన బాబూ, వాలులో బిగబడితే పళ్ళు ఊడిపోతాయి. ఈ నల్ల ఉక్కుది బిగిస్తాను."

"రాజుగారి బండికి నల్లదా? నోర్మూసుకుని చెప్పింది చెయ్యరా!" అని కసిరారు దివాన్ గారు.

"చిత్తం." మస్తాను రాజావారి ఎదుటే ఇత్తడిది బిగించి, సైకిలు దివాన్ గారి ముందుకి తోశాడు. "ఈ కోటలో ప్రభువులకి ఏం తెచ్చినా, తెచ్చినవాళ్ళే ముందు రుచి చూడాలి కదా. ఆ వాలు దిగి రండి బాబూ."

దివాన్ గారు నిట్టనిలువుగా ఉన్న కోట వాలు వైపు చూశారు. సైకిలుని మస్తాను వైపే వెనక్కి తోశారు.

"ఆ నల్లదే బిగించు."

రాజావారు ముసిముసిగా నవ్వారు. "రుచి చూడకుండానే తెలిసిపోయిందే, దివాన్ గారూ!"