ఏడుపేటల లక్ష్మి

మల్లెకొండ సంస్థానంలో ఆ ఏడు వరలక్ష్మీ వ్రతం చెడింది. చెడగొట్టింది స్వయానా రాజుగారే.

శ్రావణ శుక్రవారం పొద్దున్నే ఆయనకో ఆలోచన వచ్చింది. ఏటేటా ఇంత హడావుడి చేస్తున్నాం, లక్ష్మీదేవి ఒక్కసారైనా కనిపించిందా? ఈసారి ఆవిడ నడిచి రావాల్సిందే, నేను కళ్ళారా చూడాల్సిందే అన్నారు.

ఆస్థాన పురోహితుడు నరహరి సోమయాజులుకి 'తెలియదు' అనే అలవాటు లేదు. లక్ష్మి బంగారం ఉన్నచోటికే వస్తుందనీ, పసుపుతాళ్ళ వాళ్ళంతా గుంపుగా తోసుకొస్తుంటే ఆవిడకి దారెక్కడుంటుందనీ సెలవిచ్చాడు. మెడలో ఏడుపేటల గొలుసు ఉన్నవాళ్ళనే లోపలికి వదలమని కోటవాకిట్లో భటుణ్ణి నిలబెట్టించాడు.

ఊళ్ళో ఏడుపేటల గొలుసులు మూడే. ఒకావిడకి జ్వరం. ఇంకొకావిడ పురిటికి పుట్టింటికి వెళ్ళింది. మూడో గొలుసు సోమయాజులు భార్య పేరిందేవమ్మది.

ముందురోజు నలభై ఇళ్ళు తిరిగి బొట్టు పెట్టి పిలిచింది రాణీగారి దాసి నాంచారు. కుమ్మరి కోటమ్మ, పూలమ్ముకునే రావులమ్మ, ఇంకా ఎందరో, మొత్తం ముప్పై ఏడుగురు ఉన్నంతలో మంచి చీర కట్టుకుని వచ్చి, వాకిట్లోంచే వెనక్కి పోయారు. లోపలికొచ్చింది పేరిందేవమ్మ ఒక్కతే.

మధ్యాహ్నమైంది. కనీసం అయిదుగురు ముత్తయిదువులకు వాయనమిస్తే గాని రాణీగారు మంచినీళ్ళు ముట్టరు. ఆవిడ ముట్టందే రాజుగారికి విస్తరి వెయ్యరు. వంటశాలలోంచి బూరెల వాసన మాత్రం ధారాళంగా వస్తోంది.

ఆకలి మీదున్న రాజుగారి కోపం నాంచారు మీద పడింది. పిలిచింది నువ్వు, ఎవరూ రాలేదు, పొద్దు వాలేలోగా లక్ష్మి రాకపోతే మూటాముల్లె సర్దుకోమన్నారు. పన్నెండేళ్ళుగా ఆ కోటే ఇల్లు నాంచారుకి. బయట ఆమెకి మరో గడప లేదు.

"అలాగే ప్రభూ. ముందు వచ్చినావిడకి వాయనం ఇప్పించండి" అంది.

రాణీగారు శనగలూ తాంబూలమూ పళ్ళెంలో పెట్టి, పేరిందేవమ్మకి కొంగులో వాయనమిచ్చింది. ఆనవాయితీ ప్రకారం ముమ్మారు ఇచ్చానంది, ఆవిడ ముమ్మారు పుచ్చుకున్నానంది.

"నా వాయనం అందుకున్నదెవరు?"

"నేనే, వరలక్ష్మీదేవిని" అంది పేరిందేవమ్మ, ఏటా అనేదే.

నాంచారు రాజుగారివైపు తిరిగింది. దేవి దయచేసింది, దీపం ముందు తన నోటితో తనే చెప్పింది, కాదేమో సోమయాజులుగారినే అడగండి అంది.

సోమయాజులు ఛాతీ విరుచుకున్నాడు. "సందేహమా ప్రభూ? వ్రతంలో అన్న మాట అబద్ధం కాదు. బంగారం ఉన్న ఇంటినుంచే వస్తుందని పొద్దున్నే మనవి చేశాను."

"అయితే తలుపులు వేయించండి ప్రభూ. వచ్చిన లక్ష్మిని ఎవరైనా పోనిస్తారా?" అంది నాంచారు.

రాజుగారికి ఆ మాట తెగ నచ్చింది. పూజగది పక్కనే దేవికి గది ఇమ్మన్నారు. పూటపూటా నైవేద్యమన్నారు. ఇక కోట దాటడమన్నది లేదన్నారు.

సోమయాజులు నవ్వు సగంలో ఆగింది. "మరి ఇంటి దగ్గర రాత్రికి వంట..."

"లక్ష్మీదేవి చేత వంట చేయిస్తున్నారా మీరు?" అంది నాంచారు.

"ఇరవై రెండేళ్ళుగా" అంది పేరిందేవమ్మ, పీట మీద ఇంకాస్త సర్దుకు కూర్చుంటూ. "నేను రానండీ. ఇక్కడ బూరెలు వేడిగా ఉన్నట్టున్నాయి."

సోమయాజులు గబగబా రాజుగారి ముందుకొచ్చాడు. గొలుసుదేముంది ప్రభూ, అన్నాడు. ఎవరికి వాయనమిస్తే ఆవిడలోనే దేవిని చూసుకోవాలి, వ్రతానికి అర్థమే అది, ఆవిడ ఇంటికి పోయినా దీవెన ఇక్కడే ఉంటుంది, దయచేసి మా ఆవిణ్ణి పంపించండి అని చేతులు జోడించాడు.

నాంచారు ఆ మాట కోసమే కాచుకునుంది.

"అయితే ముప్పై ఏడుగురు లక్ష్ములు వాకిటిదాకా వస్తే మీరు వెళ్ళగొట్టారు. ఇప్పుడు ఏ లక్ష్మిని ముందు పిలవమంటారు సోమయాజులుగారూ?"

ముందు రాణీగారు నవ్వింది, ఆ తర్వాత రాజుగారు పొట్ట పట్టుకుని మరీ నవ్వారు.

నాంచారు మళ్ళీ ఇల్లిల్లూ తిరిగి బొట్టు పెట్టింది. వెనకాల కుంకుమభరిణె పట్టుకుని సోమయాజులు నడవాలని రాజాజ్ఞ. కుమ్మరి కోటమ్మ వాకిట్లో నిలబడి, నా మెడలో పసుపుతాడే ఉంది, ఫర్వాలేదా బాబూ అని ఆయన్నే అడిగింది. ఆయన భరిణె వంక చూస్తూ తలూపాడు.

నాంచారుకి పట్టుచీరా, కోటలో శాశ్వతంగా కొలువూ దక్కాయి.

పేరిందేవమ్మ మాత్రం ఆ పూట పీట మీద కూర్చునే ఒకటి నిశ్చయించుకుంది. శ్రావణ శుక్రవారం నాడు లక్ష్మీదేవి పొయ్యి వెలిగించదు. బతికున్నన్నాళ్ళూ వెలిగించలేదు.